మంగళానికి ముందే

మంగళం పాడే వేళకు ఆ ముసలాయన మళ్ళీ లేచాడు.

లక్ష్మీరాజానికి ఒళ్ళు మండింది. చేతిలోని తాళాలు ఆపేశాడు.

మగ్గాల పనికని సూరత్ వచ్చిన తెలంగాణవాళ్ళు సచిన్ అనే పేటలో శనివారం సాయంత్రాలు చేసుకునే భజనకు లక్ష్మీరాజమే పెద్ద. ఈ ముసలాయన ఎవరో ఎవరికీ తెలియదు. పేరడిగితే నవ్వేవాడు. జోల్వా నుంచి బస్సెక్కి వచ్చి, చాప చివర కూర్చుని, ప్రతి పాటకూ కళ్ళు మూసుకుని ఊగేవాడు. తీరా హారతి వెలిగించగానే చెప్పులు వెతుక్కునేవాడు.

"ఓ పెద్దాయనా! మంగళం గాకముందు లేస్తరా ఎవరన్నా? చేసిన భజనంత మట్టిల కలుస్తది."

"తప్పే బిడ్డా. గని ఆ పాటకు నేనుండద్దు."

"ఎందుకుండద్దు?"

ముసలాయన చేతులు జోడించాడు.

"వచ్చే నెల నా బిడ్డ పెండ్లున్నది. గీ అపశకునాలు నాకొద్దు. ఉంటే ఆఖరుదాంక ఉండు, లేకుంటే రాకు."

పళ్ళెం పట్టుకుని నిలబడ్డ అమ్మాయి వైపు చూశాడు ముసలాయన.

"ఈ పిల్లదేనా పెండ్లి? సల్లగుండు తల్లీ..." అంటూ చెయ్యెత్తాడు.

లక్ష్మీరాజం కూతుర్ని వెనక్కి లాగాడు.

"హారతికే నిలబడనోని దీవెన మాకెందుకు? నడువు."

ఎత్తిన చెయ్యి మెల్లగా దిగింది. ఆయన గుమ్మం దాటాక గాని మంగళం మొదలు కాలేదు.

ఆ పాటంటే లక్ష్మీరాజానికి ప్రాణం. ఇప్పుడంటే డీజేవాళ్ళు కూడా దానికి డప్పు కలిపి పెళ్ళి ఊరేగింపుల్లో మోగిస్తున్నారు. కానీ ఈ కూతురే ఇంకా పేరైనా పెట్టని పసిగుడ్డుగా ఉండి జ్వరంతో కళ్ళు తేలేసినప్పుడు, ఆసుపత్రిలో ఆయన భార్య లలితమ్మ ఏడుస్తూ పాడింది ఆ పాటే. తెల్లారేసరికి పిల్ల పాలు తాగింది. అందుకే హారతి అని పిలుచుకున్నారు.

పాట చివర "ఓదెలు దాసుని ఏలిన స్వామికి మంగళం" అని వస్తుంది. ఆ చరణం ముగించి, హారతి కళ్ళకద్దుకుని, లక్ష్మీరాజం ప్రతి వారం అనే మాటే ఆ రోజూ అన్నాడు.

"పాట కట్టిన ఈ దాసుడు ఎక్కడన్న బతికుంటే ఎంత బాగుండు! కాళ్ళు మొక్కి తెచ్చి, నా బిడ్డ తలమీద ఆయనతోని నాలుగు అక్షింతలు ఏపిస్తును."

ఊరికి వెళ్ళొచ్చిన వాళ్ళందరినీ అడిగాడు. పాట తెలిసినవాళ్ళే గాని మనిషి జాడ తెలిసినవాళ్ళు దొరకలేదు.

తర్వాతి శనివారం ముసలాయన రాలేదు. ఆపై వారమూ రాలేదు. చాప చివర ఖాళీ కనిపించినప్పుడల్లా లక్ష్మీరాజానికి మనసు చివుక్కుమనేది. అనవసరంగా నోరు జారానే అనుకున్నాడు. పెళ్ళి పనుల్లో పడి వెతకడానికి మాత్రం వెళ్ళలేదు.

ఒక ఉదయం పక్క మగ్గం మీద పనిచేసే వినోద్ ఉరికొచ్చాడు.

"కాకా, మన భజనకొచ్చే ముసలాయన పోయిండు! ఆయన భార్య మనల్ని వచ్చి పాడుమంటున్నది."

జోల్వాలో కార్ఖానా వెనక ఒంటి గది. గుమ్మం ముందు ముసలాయన్ను పడుకోబెట్టారు. తల దగ్గర ఆయన భార్య భూదేవి కూర్చుంది.

లక్ష్మీరాజం ఆ పాదాలు పట్టుకుని ఏడ్చాడు. తర్వాత తాళాలు తీసి పాడాడు. పాడె సిద్ధమైంది.

"ఇగ మంగళం పాడు బిడ్డా" అంది భూదేవి.

"చావింట్ల మంగళమా అమ్మా?"

"పాడు. దేవుని హారతిల తన పేరొస్తదని, అది కూసోని వినుడు పాపమని, ఇన్నేండ్లల్ల ఒక్కనాడు ఆగలే. ఆ ఓదెలు దాసుడు ఈయనే బిడ్డా, ఇయ్యాలన్న లేచిపోడు."