గిటారులో జుయ్

హెప్సిబాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. బాబు గుక్కపట్టినప్పుడు తను పక్కన లేకపోవడం.

ఏడాది నిండని పిల్లాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఊపిరి తీయడం మర్చిపోతాడు. పెదాలు నీలంగా మారతాయి. మొహాన నీళ్లు చల్లి గట్టిగా ఊదితే గాని తేరుకోడు.

పెద్దయ్యాక తగ్గిపోతుందన్నాడు డాక్టరు. అందాకా ఎలా బతకాలో చెప్పలేదు.

అలాంటి ఇంట్లో, ఆ సాయంత్రం ఆమె భర్త జాన్సన్ బేస్ గిటారు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

"విను... వినపడిందా?"

"ఏంటి?"

"జుయ్‌మంటోంది. ఈ లావు తీగ కొట్టినప్పుడల్లా."

"బాబు ఇప్పుడే పడుకున్నాడు. వాడు లేచాడంటే మీ గిటారు కాదు, నేనంటా జుయ్‌మని."

మందిరంలో క్వయర్‌కి వాయిస్తాడతను. శనివారం నుంచి కన్వెన్షన్ ప్రార్థన కూటాలు. తీగలు మార్చాడు. కేబుల్ మార్చాడు. మరలన్నీ విప్పి మళ్లీ బిగించాడు. గవర్నరుపేటలో షాపుకి మోసుకెళితే అక్కడ చప్పుడే లేదు. మందిరంలోనూ లేదు. ఇంటికొస్తే మళ్లీ జుయ్.

హనుమాన్ జంక్షన్ నుంచి అత్తగారు ఆదెమ్మ ఫోన్ చేసింది.

"ఏదో దుష్టశక్తే అమ్మాయ్. పాస్టరుగారి చేత ప్రార్థన చేయించి నూనె రాయించండి."

"గిటారుకా, మీ అబ్బాయికా అత్తయ్యా?"

ఈ గోల చాలదన్నట్టు పక్క వాటాలో శౌరమ్మ. ముసలావిడ, ఒంటరి మనిషి, ఈమధ్యే దిగింది. "వందనాలు మామ్మగారూ" అంటే ఒకసారి పలుకుతుంది, ఇంకోసారి పట్టనట్టే పోతుంది. హెప్సిబా బట్టలారేయడానికి డాబా ఎక్కితే మాత్రం మెట్ల కింద నిలబడి ఒకటే కేకలు.

"అమ్మాయ్! బాబు లేచాడు!"

"నేను మేడెక్కడం ఆలస్యం, మొదలెడుతుంది" అని విసుక్కుంది హెప్సిబా. "ప్రాణమంతా మన వాటా మీదే ఆవిడకి."

"పోనీలే. గిటారు ఆపమని వీధంతా నా మీద పడుతోంది. ఆవిడ ఒక్కరోజైనా ఒక్క మాటందా?"

జాన్సన్ మళ్లీ స్క్రూడ్రైవర్ తీశాడు.

"ఇంకెంత విప్పుతారు దాన్ని?"

"ఇది ఫ్రీక్వెన్సీ గొడవ. నీకర్థం కాదులే."

హెప్సిబాకు ఒళ్లు మండింది.

"తొమ్మిదిలో నా చదువాపారు గాని, నా చెవులాపలేదు. వాయించండి!"

వాయించాడు. ఆమె బీరువా తలుపు నొక్కి చూసింది. కిటికీ రెక్క పట్టుకుని చూసింది. బాబు మంచం పక్కనున్న గోడకి చెవి ఆనించింది.

"మీ గిటారు కాదు. అవతల వాటా. ఆపకండి, వాయిస్తూనే ఉండండి."

శౌరమ్మ తలుపు తీసే ఉంది. మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక చేత్తో స్టీలు గ్లాసు గోడకి బోర్లించి, వదులుగా ఆనించి పట్టుకుంది. అటు జాన్సన్ తీగ మీటగానే ఇటు గ్లాసు జుయ్‌మంది.

హెప్సిబా ఎదురుగా వచ్చి నిలబడేదాకా ఆవిడ తల తిప్పలేదు.

"గోడకి గ్లాసు పెట్టి మా మాటలు వింటున్నారా మామ్మగారూ?"

శౌరమ్మ ఆమె మొహంలోకి చూసి నవ్వింది.

"బాబు పడుకున్నాడా తల్లీ?"

"అడిగేదొకటి, చెప్పేదొకటి! మొగుడూ పెళ్లాల మాటలు వినడానికి సిగ్గుండక్కర్లా?"

ఆవిడ నవ్వు పోయింది. గ్లాసు మెల్లగా ఒళ్లోకి దించుకుంది.

"ఇంకోసారి ఆ గోడ దగ్గర కనపడ్డారంటే ఓనరుగారితో చెప్పి ఖాళీ చేయిస్తా!"

జుయ్ ఆగిపోయింది. కూటాల్లో జాన్సన్ బ్రహ్మాండంగా వాయించాడు.

తర్వాత కొద్ది రోజులకే పక్క వాటాకి తాళం పడింది. పీడా పోయింది అనుకుంది హెప్సిబా.

ఆ మధ్యాహ్నం బాబుని పడుకోబెట్టి, డాబా మీద దుప్పట్లు ఆరేసింది. కింది నుంచి ఏ కేకా లేదు. తాపీగా దిగింది.

బాబు నీలంగా ఉన్నాడు.

నీళ్లు చల్లింది. ఊదింది. వీపు రుద్దింది. పేరుపెట్టి అరిచింది. ఎప్పటికో వాడు కెవ్వుమన్నాడు.

ఆ అరుపులకి ఓనరు రామకోటేశ్వరరావు పరుగెత్తుకొచ్చాడు.

"మేడమీదున్నావా అమ్మా? శౌరమ్మగారుంటే ఈపాటికి నిన్ను పిలిచేసేది."

హెప్సిబా బాబుని గుండెకి అదుముకుంది. అవును. వాడు లేచిన ప్రతిసారీ ఆవిడే పిలిచేది.

"పిల్లాడు గుక్కపడతాడని నేనే చెప్పానమ్మా. అప్పట్నుంచీ పొద్దస్తమానం ఆ గోడ దగ్గరే. గ్లాసు మీద చెయ్యేసుకుని కూర్చునేది. వాడు ఏడిస్తే అదురుతుందిట."

"చెయ్యెందుకండీ? వినడానికైతే చెవి పెట్టాలిగా?"

ఆయన ఆమెకేసి వింతగా చూశాడు.

"అయ్యో... నీకు తెలియదా?"

శౌరమ్మను ఎవరో బంధువు కూచిపూడి అవతల పల్లెకి తీసుకుపోయాడు. ఏ పల్లెకో ఓనరుకీ తెలియదు. బాబుని చంకనేసుకుని హెప్సిబా బస్సెక్కి, ఊరూరా అడుగుతూనే ఉంది.

మీలో ఎవరైనా అటువైపు వాళ్లుంటే, ఆవిడ ఎక్కడుందో, ఎలా ఉందో ఒక్కసారి చూసి రండి. గుమ్మంలో నిలబడి పిలవకండి, దగ్గరికి వెళ్లి భుజం తట్టండి, పెదాలు కనపడేలా మెల్లగా చెప్పండి. శౌరమ్మకు రెండు చెవులూ వినపడవు.