చెంబెడు నీళ్ళు

"ఇంకా దొరకలేదా?"

భార్య నీళ్ళ చెంబు పట్టుకుని షెడ్డు గుమ్మంలో నిలబడి ఉంది. కారు కింద నుంచి రెండు కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి.

"దొరికితే ఇక్కడెందుకు పొర్లుతాను?" అన్నాయి ఆ కాళ్ళు.

ఆ కాళ్ళ సొంతదారు పాత పుస్తకాలకు కుట్లు వేసే బైండరు. పేజీలు ఊడిన నిఘంటువు చేతికిస్తే మళ్ళీ బడికి పంపేటట్టు తయారుచేస్తాడు గానీ, కార్ల విషయంలో ఓనమాలు రావు. అలాంటివాడికి అత్తగారు తన పాత స్పోర్ట్స్ కారును నెల రోజులు అప్పగించింది.

ఆవిడ ముప్ఫై ఏళ్ళు లెక్కల టీచరు. ఇంట్లో మాట్లాడినా ప్రశ్నపత్రం పంచినట్టే ఉంటుంది. మోకాలి ఆపరేషన్‌కి వెళ్తూ అల్లుళ్ళిద్దరినీ పిలిచి, "ఇక క్లచ్ తొక్కడం నా వల్ల కాదు. చెరో నెల దీన్ని చూడండి. ఎవరి చేతిలో క్షేమంగా ఉంటుందనిపిస్తే తాళం వాళ్ళకే," అని చెరో చీటీ ఇచ్చింది. టైర్లలో గాలి చూడాలి. వారానికోసారి ఇంజిన్ వేడెక్కేదాకా నడపాలి. ఆ వేడి మీదే ఆయిల్ చూడాలి. నాలుగోది, నీళ్ళు చూసి తగ్గితే పొయ్యాలి. బయటి మెకానిక్ చెయ్యి పడకూడదన్న మాట కింద రెండు గీతలు.

మొదటి నెల పెద్దల్లుడిది. ఆయనకు తెలియని సంగతి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. కారు చేతికొస్తే ఎర్రరంగు కొట్టించి, తన ఫర్నిచర్ షాపు అద్దాల వెనక నిలబెడతానని అప్పుడే నలుగురికీ చెప్పుకున్నాడు. ఆ మాట విన్న రోజు బైండరు భార్యకు ముద్ద దిగలేదు. ఆసుపత్రి ఇంకో రెండు వీధులుందనగా ఆమె ఈ కారు వెనక సీట్లోనే పుట్టింది.

"అది తిరగాల్సిన కారండీ," అంది ఆ రోజు. "బొమ్మైపోతే నేను చూడలేను."

బైండరు వంతు వచ్చాక మొదటి మూడు పనులూ చక్కగా జరిగాయి. అంతేకాదు, అతను ఆ కారు మీద మనసు పారేసుకున్నాడు. తుప్పు పట్టిన మూలల్ని మెత్తటి గుడ్డతో పేజీ దుమ్ము తుడిచినట్టు తుడిచాడు. రెండో ఆదివారం వీధులన్నీ చుట్టి వస్తుంటే పక్కసీట్లో భార్య చిన్నపిల్లలా నవ్వింది. ఆ నవ్వు కోసమైనా ఈ కారు గెలవాలనుకున్నాడు.

నాలుగో పని దగ్గరే తలప్రాణం తోకకొచ్చింది. ముందు మూత ఎత్తితే స్పేర్ టైరు. ఇంజిన్ వెనక ఉంది. ఆ మూత తీస్తే పళ్ళెమంత ఫ్యాను, బెల్టు, వైర్లు. కారు పుస్తకం చూద్దామంటే అత్తగారు దాన్ని ఆసుపత్రికి పట్టుకెళ్ళింది. పెద్దల్లుడికి ఫోన్ చేస్తే, "అదీ తెలీదా తమ్ముడూ? మూత తియ్యి, ఎదురుగానే ఉంటుంది," అని పెట్టేశాడు.

రేపే అత్తగారు వచ్చేది. కారు కింద నుంచి బయటికొచ్చి, ఇంజిన్ మీద గుండ్రటి బిరడా ఒకటి తిప్పి చూశాడు. లోపలంతా చీకటి.

"ఇదే అయ్యుంటుంది, పొయ్యండి," అంది భార్య.

చెంబు అందుకుని వంచాడు. నీళ్ళు చెంబు అంచుదాకా వచ్చాయి. అక్కడే చెయ్యి ఆగిపోయింది.

"ఏమైంది?"

"మా గురువుగారు ఒకటే మాట అనేవారు. తెలియని కాగితానికి జిగురు రాయకురా, రాశాక తియ్యలేవు అని." బిరడా బిగించేశాడు.

"పోనీ, పోశానని చెప్పండి. అమ్మకేం తెలుస్తుంది?"

అతను చెంబులో నీళ్ళు గుమ్మం పక్క మొక్కకు పోసి చేతులు కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున అత్తగారు చేతికర్రతో దిగింది. వెనకే పెద్దల్లుడు, ఇస్త్రీ నలగని చొక్కాతో. ఆవిడ టైర్లు తట్టింది. ఇంజిన్ ఒక్క తిప్పుకే పలికింది. ఆయిల్ పుల్ల తీసి, రెండు వేళ్ళ మధ్య రాసి, వాసన చూసి, హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలింది. కారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది.

"మరి నాలుగోది?"

"వారం వారం లీటరు పోశానత్తయ్యగారూ," అన్నాడు పెద్దల్లుడు. "పాత బండి కదా, దాహం ఎక్కువ!"

ఆవిడ చిన్నల్లుడి వైపు తిరిగింది. పక్కనుంచి భార్య మోచేత్తో పొడిచింది.

"నేను పొయ్యలేదండీ. ఎక్కడ పొయ్యాలో తెలీలేదు. తెలియనిచోట పొయ్యడానికి చెయ్యి రాలేదు."

"నెలంతానా?"

"ఒక్క చుక్క కూడా పొయ్యలేదండీ."

పెద్దల్లుడు జాలిగా నాలుక చప్పరించాడు. భార్య తల దించుకుంది. అయిపోయింది, కారు షాపు అద్దాల వెనక్కి పోయినట్టే అనుకున్నాడు బైండరు.

అత్తగారు ఒళ్ళోని పుస్తకం అతని చేతిలో పెట్టింది. "కుట్లు ఊడిపోయాయి, కాస్త కుట్టుకోండి. కారుతో పాటు ఇదీ మీ దగ్గరే ఉండాలి." పుస్తకం మీద తాళంచెవి పెట్టింది.

"ఇదేం న్యాయం అత్తయ్యగారూ?" పెద్దల్లుడి గొంతు లేచింది. "నెల రోజులు చుక్క నీళ్ళు పొయ్యనివాడికా కారు?"

ఆవిడ కర్ర ఊతంగా లేచి, పెద్దల్లుడి భుజం మీద చెయ్యి వేసింది.

"గాలికి చల్లబడే ఇంజిన్ బాబూ ఇది, నీళ్ళు పోసే చోటే లేదు."