ఎడమ సీసా

ఇంటింటా పొయ్యి పక్కనే మందు కాచుకునే రోజులవి. కోబాల్టు ఉప్పు వేసి కాచిన మందు నీళ్లు వడకడితే, తమలోంచి పోయే వెలుగును కుడికి తిప్పే పలుకులు గుడ్డ మీద నిలిచేవి, ఎడమకు తిప్పే రసం సీసాలోకి దిగేది. జ్వరం తగ్గించేది ఎడమదే.

ఆ సంగతి వరహాలమ్మకు తెలుసు. అయినా పురిటింట్లో ఎడమదేమిటని మనసొప్పక, బాలింత కోడలు పూర్ణిమకు మూడు రోజులు కుడి పలుకులే కలిపి పట్టింది. జ్వరం దిగలేదు.

"మీ చేత్తో ఇచ్చారుగా అత్తయ్యా, తగ్గుద్దిలెండి," అంది పూర్ణిమ నీరసంగా.

వరహాలమ్మకు తల కొట్టేసినట్టయింది. "ఎడమదని పక్కన పెట్టి తప్పు మందు పోశానే తల్లీ," అంటూ ఎడమ సీసా తెచ్చి అందించింది.

పూర్ణిమది పుట్టుకతో ఎడమచేతివాటం. కాపురానికొచ్చిన నాటి నుంచీ అత్త ఆ చేతిని తిట్టని రోజు లేదు. అలవాటుగా ఆ చెయ్యే చాపి, అత్త ముఖం చూసి, చటుక్కున వెనక్కి లాక్కుని కుడిచెయ్యి చాపింది.