టిష్యూలో చుట్టిన గుట్టు

కంచం పక్కన పెట్టిన టిష్యూ కనపడలేదు.

టీచరమ్మ వంగి బల్ల కింద కూడా చూసింది. చెయ్యి కడుక్కుని వచ్చేలోపు కాబోయే అత్తగారు బల్ల శుభ్రంగా తుడిచేసింది. కంచాలు లేవు, గ్లాసులు లేవు, నలిపి పడేసిన టిష్యూలూ లేవు.

"ఏం వెతుకుతున్నావమ్మా?"

"ఏం లేదత్తయ్యా," అంది పెదవులు విప్పీ విప్పకుండా.

ఆ టిష్యూలో ఆమె అలైనరు ఉంది. వంకర పళ్ళను సర్దే పల్చటి తొడుగు. అద్దంలా ఉంటుంది, పెట్టుకున్నా ఎవరికీ తెలియదు. తినేటప్పుడు తీసి, తిన్నాక మళ్ళీ పెట్టుకోవాలి. డాక్టరు మొదటి రోజే హెచ్చరించాడు. "క్లిప్పులు అందరికీ కనపడతాయి కానీ ఎక్కడికీ పోవు. ఇవి ఎవరికీ కనపడవు, ఒక్కోసారి మీకూ కనపడకుండా పోతాయి. తీయగానే డబ్బాలో పెట్టండి." డబ్బా తీస్తే గుట్టు రట్టవుతుందని ఆమె దాన్ని ఇంట్లోనే వదిలేసి వచ్చింది.

పెళ్ళి కుదిరాక ఆ ఇంట్లో ఇదే మొదటి భోజనం. "మీ పలువరస బాగుంటుంది," అన్నాడు అబ్బాయి ఒకసారి. నిజం చెప్పడానికి అదే సమయం. ఆమె చిరునవ్వు నవ్వి ఊరుకుంది. ఆ నవ్వు ఇప్పుడు ముల్లులా గుచ్చుకుంటోంది.

ఇందాక బల్ల దగ్గర ఆడపడుచు పకపకా నవ్వితే నోటి నిండా తీగలు తళుక్కుమన్నాయి.

"మూయవే ఇనప పళ్ళదానా, వదిన జడుసుకుంటుంది," అని కసిరింది తల్లి.

"నా నోటికి గేటైనా ఉందమ్మా. నీ నోటికి అదీ లేదు."

"చూశావా ఎలా మాట్లాడుతుందో! మా వాడికి ఈ బాధే లేదమ్మా. ఏ క్లిప్పులూ లేకుండా వాడి పళ్ళు వాటంతటవే సర్దుకున్నాయి."

పక్క కుర్చీలో అబ్బాయి తల వంచుకుని తిన్నాడు. టీచరమ్మ కూడా తల వంచుకుంది. అతను ముందే లేచి, బల్ల మీది టిష్యూ ఒకటి అందుకుని, చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు. ఇంకా రాలేదు. అదే నయమనుకుని ఆమె వంటింట్లోకి నడిచింది.

చెత్తబుట్ట మూత తీసింది. పండ్ల తొక్కలు, తడిసిన టీ పొడి, ఉండలు చుట్టిన టిష్యూలు. మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలకసాగింది.

"అయ్యో! చెత్తబుట్టలో చెయ్యేమిటమ్మా? కడుపు నిండలేదా ఏం?" గుమ్మంలో అత్తగారు.

"చెవి కమ్మ పడిపోయిందేమోనని..."

అత్తగారు ఒక చెవి చూసింది. తర్వాత రెండో చెవి చూసింది. రెండు కమ్మలూ ఉన్నాయి. మరేమీ అడగలేదు. అడిగినా బాగుండేది. "సబ్బుతో కడుక్కో," అని మోగుతున్న ఫోను వైపు వెళ్ళిపోయింది.

టీచరమ్మ మళ్ళీ బుట్టలో చెయ్యి పెట్టింది. బడిలో పిల్లలు అబద్ధమాడితే గోడ వైపు తిప్పి నిలబెట్టే మనిషి తను.

అంతలో వేళ్ళకు టిష్యూలో గట్టిగా ఏదో తగిలింది. విప్పి చూసింది. దేవుడున్నాడు! సబ్బుతో రుద్ది, నీళ్ళతో కడిగి, గోడ వైపు తిరిగి పళ్ళకు తొడిగింది.

పట్టలేదు. వేళ్ళతో నొక్కింది. బొటనవేళ్ళతో ఇంకా గట్టిగా నొక్కింది. ఒక పక్క దిగితే ఇంకో పక్క లేస్తోంది. కాసేపు తీసినందుకే పళ్ళు మళ్ళీ వంకరపోయాయా? కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆడపడుచులా నోటి నిండా తీగలు కట్టించుకుని ఉంటే, అందరూ నవ్వినా, ఈ దొంగ బతుకు తప్పేది.

ఇక దాచకూడదనుకుంది. పెళ్ళి ఆగితే ఆగనీ. వెనక్కి తిరిగేసరికి ఎదురుగా ఆడపడుచు నిలబడి ఉంది.

"ఇది... నా పళ్ళకి పెట్టుకునేది," అంది టీచరమ్మ, నోట్లో సగం దిగిన తొడుగుతో నత్తినత్తిగా. "నువ్వేం చెప్పకు. మీ అన్నయ్యకి నేనే చెప్పి క్షమాపణ అడుగుతాను."

ఆడపడుచు రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా నవ్వు ఆగలేదు.

"ముందది నోట్లోంచి తియ్యి వదినా, అది మా అన్నయ్యది! నీది తొడుక్కుని, పట్టక, బాత్రూములో కుస్తీ పడుతున్నాడు."