వెనక కూర్చున్న మనిషి

భయమేస్తే కొందరికి ఏడుపొస్తుంది. మైథిలికి కోపమొస్తుంది.

అందుకే చిల్లకల్లు దాటాక హైవే పక్కన మొగుడు నెత్తుటి మడుగులో పడి ఉంటే, ఆవిడ చుట్టూ చేరిన జనం మీద కేకలేస్తోంది.

"గుడ్లప్పగించి చూస్తారేంటండీ? ఎవరన్నా ఏదో ఒకటి చెయ్యండి!"

బైకుకి గేదె అడ్డొచ్చింది. జయదేవ్ తొడ డివైడర్ రేకు తగిలి చీరుకుపోయింది. మైథిలి కుడి మణికట్టు విరిగింది. ఎడం చేత్తో చున్నీ అదిమిపట్టింది గానీ, నెత్తురు వేళ్ళ సందుల్లోంచి కారిపోతూనే ఉంది.

అంతలో జగ్గయ్యపేట వైపునుంచి అంబులెన్సు కూతపెట్టుకుంటూ వచ్చింది. జనం అడ్డంపడి ఆపారు.

డ్రైవర్ ఇశ్రాయేలు కిటికీలోంచి చూసి నీళ్ళు నమిలాడు.

"అమ్మా, ఇంకో బండికి ఫోన్ చెయ్యండి. నా బండిలో..."

"ఇంకోటొచ్చేదాకా ఈయన ప్రాణం ఆగుతుందా?" అని అరిచింది మైథిలి.

ఈలోగా వెనక తలుపు లోపల్నుంచి తెరుచుకుంది. అరవయ్యేళ్ళ మనిషి ఒకాయన తొంగిచూశాడు.

"ఎక్కించండయ్యా," అన్నాడు.

"బాబాయ్, నువ్వు..." అన్నాడు ఇశ్రాయేలు.

"నువ్వు బండి చూసుకో అబ్బాయ్. వెనక నేనున్నాగా."

జయదేవ్‌ని స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. దుప్పటి నలిగి ఉంది. తలగడ చెమటతో తడిసి ఉంది. మైథిలికి ఒళ్ళు మండింది. డ్యూటీలో కునుకు తీస్తున్నాడన్నమాట ఈ పెద్దమనిషి! పైగా యూనిఫాం లేదు, చొక్కా గుండీలన్నీ విప్పేసి ఉన్నాయి.

"నా చెయ్యి పనిచెయ్యట్లేదండీ. మీరిక్కడ గట్టిగా నొక్కిపట్టండి."

ఆయన మెళ్ళో తువ్వాలు తీసి, మడతపెట్టి, గాయం మీద వేసి, రెండు అరచేతులతో అదిమాడు. బండి కదిలింది.

"ఇంజక్షనో, సెలైనో ఏదీ పెట్టరా?"

"అయ్యన్నీ నాకు తెలీవమ్మా."

"తెలీవా! మరి ఇక్కడ పడుకోవడానికా మీకు జీతాలిచ్చేది?"

బండ్లకి మనుషులు చాలట్లేదని మైథిలి ఆమధ్య పేపర్లో చదివింది. దొరికినవాణ్ణల్లా ఎక్కిస్తున్నారు కాబోలు, మన ఖర్మ కొద్దీ ఈయన తగిలాడు అనుకుంది.

నవాబుపేట దాటింది. జయదేవ్ పెదాలు పాలిపోయాయి. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"ఏవండీ! ఏవండీ!"

"అబ్బాయ్, కళ్ళు ముయ్యమాక," అన్నాడాయన ఆయాసపడుతూ. "మీ ఆవిడ ఇట్టా అరుస్తోంది నీకోసమే."

ఆయన మొహమంతా చెమట. చేతులు వణుకుతున్నాయి. తువ్వాలు కాస్త వదులైంది.

"వదలకండి!"

"వదల్లేదమ్మా." మోకాళ్ళ మీదికి లేచి ఒంటి బరువంతా చేతుల మీద వేశాడు. కాసేపాగి, "అమ్మా, కాసిని మంచినీళ్ళుంటే..." అన్నాడు.

మైథిలి సంచిలో నిండు సీసా ఉంది.

"ముందు ఈయన సంగతి చూడండి! తర్వాత తాగుదురుగాని."

"సరేనమ్మా."

మళ్ళీ అడగలేదు.

నందిగామలో ఆస్పత్రి ముందు బండి ఆగీ ఆగకముందే జయదేవ్‌ని లోపలికి తోసుకుపోయారు. మైథిలి వెనకే పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు.

చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది.

"గండం గడిచింది. దారంతా ఎవరో గట్టిగా నొక్కిపట్టారు, అందుకే దక్కాడు."

అప్పుడొచ్చింది మైథిలికి ఏడుపు. భయం దిగిపోయింది, దాంతోపాటు కోపమూ దిగిపోయింది. మిగిలింది సిగ్గు. నోటికొచ్చినట్టు అంది ఆ మనిషిని. దాహమన్నా గుక్కెడు నీళ్ళివ్వలేదు.

కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని కూర్చోబుద్ధి కాలేదు. సంచిలోంచి సీసా తీసి బయటికొచ్చింది.

అంబులెన్సు ఆవరణలోనే ఉంది. వెనక మెట్టు మీద ఇశ్రాయేలు తలొంచుకుని కూర్చున్నాడు. పక్కన నెత్తుటి తువ్వాలు ఉంది.

"మీతో ఉన్నాయన ఎక్కడండీ? ఆయన్ని చాలా మాటలన్నా. క్షమించమని చెప్పాలి."

ఇశ్రాయేలు తలెత్తాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"పోయాడమ్మా. మీరంతా లోపలికెళ్ళాక, బండిలో ఈ బల్ల మీదే. నేను రెండో స్ట్రెచర్ తెచ్చేలోగానే."

సీసా జారబోతే గట్టిగా పట్టుకుంది మైథిలి.

"అదేంటి? డ్యూటీలో ఉన్న మనిషికి..."

"డ్యూటీ ఏంటమ్మా? ఈ బండి వెనక మనిషి లేక రెండు నెలలైంది, నేనొక్కణ్ణే తిప్పుతున్నా," అన్నాడు ఇశ్రాయేలు. "ఆయన జగ్గయ్యపేట బస్టాండులో గుండెనొప్పితో పడిపోతే నేను ఎక్కించుకొచ్చిన పేషెంటు. మీవారిని పడుకోబెట్టడానికని స్ట్రెచర్ దిగాడు."