ఆయన ఉన్న కాలం

“చేసిన తప్పు మర్చిపోయిన మనిషిని, ఆ తప్పు గురించి అడగొచ్చునా అమ్మా?” అని చెంచమ్మ క్లాసు మధ్యలో లేచి అడిగింది.

మతిమరుపు జబ్బు వచ్చినవాళ్లను ఇంట్లో ఎలా చూసుకోవాలో నర్సు రేవతి చెప్పే క్లాసు అది. కోట ఊళ్లో, నెలకోసారి, ఒక స్కూలు గదిలో జరుగుతుంది.

“పక్క తడపడం, కంచం విసిరెయ్యడం, అట్లాంటివా?” అంది రేవతి. “అడక్కండి. చేసింది జబ్బు, ఆయన కాదు. గుర్తుందా అని కూడా అనొద్దు. ఆయన ఏ కాలంలో ఉంటే ఆ కాలానికి మీరే పోవాలి.”

చెంచమ్మ సరేనని తలూపి కూర్చుంది. తోడు వచ్చిన రాఘవమ్మ పక్కనే నేల చూపులు చూస్తూ ఉండిపోయింది.

ఆ జబ్బు వచ్చిన హజరత్తయ్యది వాకాడు దగ్గర పల్లె. చాలాకాలం వరి పండించి, తర్వాత రొయ్యల గుంటలు తవ్వించాడు. ఇప్పుడా గుంటలు కౌలుకు పోయాయి. ఆయన లెక్కలో మాత్రం ఊళ్లోకి ఇంకా రొయ్యే రాలేదు. పొద్దున లేస్తూనే చెంచమ్మను అడుగుతాడు.

“ఎద్దులకు కుడితి పెట్టినావా?”

“పెట్టినానయ్యా.”

“తాగినాయా?”

“తాగినాయి.”

ఎద్దులు లేవు. కొట్టమూ లేదు. కొట్టం ఉండిన చోట బాత్‌రూం ఉంది.

“మే చెంచమ్మా, నీ తల ఇట్ట నెరిసిందేమే?”

“ఎండకయ్యా.”

“ఎండలో తిరగబాక.”

వంటంతా రాఘవమ్మదే. ఉప్పెక్కడుందో పప్పెక్కడుందో చెంచమ్మ ఆమెనే అడగాలి. ఆయనకిప్పుడు పులుసులో కారం పడదని చెప్పిందీ ఆమే. అన్నీ చేసి, గిన్నె చెంచమ్మ చేతికిచ్చి తలుపు చాటుకు తప్పుకుంటుంది. ఆమె పెడితే ఆయన తినడు. ఎదురుపడితే కేకలేస్తాడు.

“ఎవురామె? మనింట్లో ఏం పని?”

“పనికొచ్చిందిలేయ్యా.”

ఒకరోజు మాత్రం ఎందుకో ఆయనకు జాలి పుట్టింది. “పాపం, ముఖం వాడిపోయుండాది. ఆమెకు ముందు అన్నం పెట్టు” అన్నాడు. చెంచమ్మ పెట్టింది. రాఘవమ్మ వంటింట్లో కంచం ముందు కూర్చుని అన్నం కలిపింది. కలిపిన అన్నం కలిపినట్టే వదిలేసి లేచింది.

చెంచమ్మ కొడుకు గిరిబాబు కోట నుంచి ఫోను చేస్తాడు. రోజూ ఒకటే మాట. “చేసింది చాలమ్మా. వొచ్చెయ్యి.”

చెంచమ్మకూ ఓపిక చచ్చింది. ఒక ఉదయం చీరలు సంచిలో కుక్కింది.

“మీరు పోతే ఆయన ముద్ద ముట్టడక్కా” అంది రాఘవమ్మ. బతిమాలినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

“నేనేమన్నా రాయినా? ఆయన నవ్వతా పలకరిస్తా ఉంటే నాకు కడుపు మండతాది రాఘవమ్మా.”

“తెలుసక్కా.”



చెంచమ్మ బస్సు కోసం రోడ్డు మీదికొచ్చి నిలబడింది. అప్పుడే శ్రీహరికోటలో రాకెట్టు లేచింది. జనం నుదుటికి చేతులడ్డం పెట్టుకుని ఆకాశంలోకి చూశారు. కాసేపటికి మోత వచ్చింది. టీ కొట్టు రేకులు గడగడలాడాయి. చెంచమ్మ మాత్రం ఇంటివైపు చూసింది. హజరత్తయ్యకు ఉరుమంటే భయం. పెళ్లయిన కొత్తలో ఉరిమితే ఆమె చెయ్యి వదిలేవాడు కాదు.

ఆమె సంచి చంకన పెట్టుకుని వెనక్కి నడిచింది. నడక పరుగయింది. ఇల్లు తెరిచే ఉంది, లోపల ఎవరూ లేరు.

మోతకు బెదిరి ఇల్లు వదిలిన హజరత్తయ్య రొయ్యల గుంట గట్టు మీద ఉన్నాడు. చేతిలో దుడ్డుకర్ర. వెనక నీళ్లు. ఎదురుగా, కర్ర అందేంత దూరంలో రాఘవమ్మ. అప్పటికే ఒక దెబ్బ తగిలినట్టుంది, నుదుటి నుంచి రక్తం కారుతోంది. ఆమె తుడుచుకోవడం లేదు. చెయ్యి పట్టి లాగొద్దనీ, మెల్లగా మాట్లాడుతూ ఉండమనీ క్లాసులో చెప్పారు. ఆమె అలాగే మాట్లాడుతోంది.

“చెంచమ్మక్క వస్తా ఉండాదయ్యా. అదో, వచ్చేస్తా ఉండాది.”

చెంచమ్మ వస్తోందని ఆమెకు తెలియదు. ఊరికే అంటోంది.

హజరత్తయ్య చెంచమ్మను చూశాడు. కర్ర జారవిడిచి రెండు చేతులూ చాచాడు.

“యాడికి పోయినావే, నన్నొదిలేసి?”

చెంచమ్మ నోటిదాకా ఒక మాట వచ్చింది. మింగేసింది.

“యాడికీ పోలేదయ్యా. ఈడనే ఉండా. రా, ఇంటికి పోదాం.”

ఇంటికెళ్లి చీరలు మళ్లీ దండెం మీద వేసింది. ఇప్పట్లో రానని గిరిబాబుకు ఫోను చేసి చెప్పింది. అవతల వాడు ఏదో అంటుండగానే పెట్టేసింది.

ఆ వారంలోనే రేవతి వాళ్లను చూడటానికి వచ్చింది. రాఘవమ్మ నుదుటి కట్టు విప్పి కొత్తది కట్టింది. హజరత్తయ్య చెంచమ్మ కొంగు పిడికిట్లో పట్టుకుని నిద్రపోతున్నాడు. రాఘవమ్మ కాఫీ పెట్టడానికి లోపలికెళ్లగానే రేవతి గొంతు తగ్గించింది.

“అంత దెబ్బ తగిలినా ఆయన్ని వదిలిపెట్టి రాలేదు చూడండి. ఈ రోజుల్లో ఇలాంటి పనిమనిషి ఎక్కడ దొరికింది చెంచమ్మగారూ?”

చెంచమ్మ ఆయన పిడికిట్లోంచి కొంగు విడిపించుకోకుండానే చెప్పింది.

“పనిమనిషి కాదమ్మా, ముప్పైయేండ్ల కింద నన్నొదిలేసి ఈయన కట్టుకున్న పెండ్లాం, ఆమెను మర్చిపోయి నన్నే అడగతా ఉండాడని, ఆమే మా ఇంటికొచ్చి నన్ను పిలుచుకొచ్చింది.”