మూడో పేరాలో తప్పు

డైరెక్టరు గది బయట టైపిస్టు నిలబడి ఉన్నాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. లోపలికి వెళ్తున్న ఆవిణ్ణి చూసి కాళ్ళ మీద పడ్డంత పని చేశాడు.

"అక్కా, నేను రాయలేదక్కా."

"తెలుసులేరా," అంది ఆవిడ. "నువ్విక్కడే ఉండు. నోరు మెదపకు."

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి ఎర్రపెన్ను మేడమ్ అంటారు. అట్టపెట్టెలు చేసి విదేశాలకి పంపే కంపెనీ అది. అక్కణ్ణుంచి ఇంగ్లీషు ఉత్తరం ఏది బయటికి పోవాలన్నా ముందు ఆవిడ చేతి కింద నలగాల్సిందే. ఇరవై తొమ్మిదేళ్ళుగా అదే పని. కంపెనీ ఉత్తరాలతో సరిపెట్టుకుంటే బాగానే ఉండేది. హోటల్లో మెనూ కార్డు దిద్దింది. మందుల షాపు బోర్డు దిద్దించింది. సొంత మేనకోడలి శుభలేఖ దిద్ది వియ్యాలవారికి కోపం తెప్పించింది. తప్పు కనిపిస్తే ఆ చెయ్యి ఊరుకోదు, అంతే.

లోపల డైరెక్టరు కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

తిరగడూ మరి! నెల క్రితం ఎవరో ఆకాశరామన్న ఆయన గది తలుపు కింద నుంచి ఇంగ్లీషులో ఒక ఉత్తరం తోశాడు. ప్యాకింగ్ హాలు వెనక తలుపుకి ఏడాదిగా తాళం ఉంది, దానికి అడ్డంగా కప్పు దాకా అట్టలు పేర్చారు, లోపల అరవైమంది ఆడవాళ్ళు పనిచేస్తున్నారు, నిప్పు అంటుకుంటే ఒక్కరూ బయటపడరు అని. వారంలోగా నోటీసు బోర్డు మీద జవాబు పెట్టకపోతే ఫైర్ ఆఫీసుకు రాస్తానని. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. డైరెక్టరు దాన్ని ఉండచుట్టి చెత్తబుట్టలో పడేశాడు. వారం గడిచింది. ఫైర్ ఆఫీసర్లు వచ్చారు, చూశారు, హాలుకి సీలు వేసిపోయారు. అప్పుడు పరుగెత్తుకెళ్ళి పాత చిత్తుకాగితాల మూటలు విప్పించి దాన్ని వెతికి తెచ్చుకున్నాడు.

ముడతలు సాపుచేసిన ఆ కాగితాన్ని ఇప్పుడు ఆవిడ ముందుకి తోశాడు. పెద్దక్షరాలు, ఎడంచేత్తో రాసినట్టు వంకరటింకరగా.

హడావిడిలో ఆవిడ కళ్ళజోడు తన సీట్లోనే మరిచిపోయి వచ్చింది. అయినా కాగితం అందుకుని పైనుంచి కిందికి ఒకసారి చూసి పెట్టేసింది.

"మూడో పేరా చూశారా?" అన్నాడు డైరెక్టరు. "'ప్లీజ్ రివర్ట్ బ్యాక్' అట. ఆ మాట మన ఆఫీసులో ఎవరు రాస్తారో మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. పన్నెండేళ్ళుగా టైపిస్టు ఆ మాట రాస్తూనే ఉన్నాడు, ఆవిడ కొట్టేస్తూనే ఉంది. "ఒరే, రివర్ట్ అంటేనే వెనకటి స్థితికి పోవడంరా. దానికి మళ్ళీ బ్యాక్ తోక ఒకటా, నడిసెంటర్ అన్నట్టు? నీకు కావలసింది జవాబేగా, రిప్లై అని ఏడువు," అనేది. వాడు నాలిక్కరుచుకునేవాడు. మర్నాడు మళ్ళీ అదే రాసేవాడు. బడి వదిలాక ఆఫీసు మెట్ల మీద నాన్న కోసం కూర్చునే వాడి కవలపిల్లలు ఆ మాట పెట్టుకుని ఒక తొక్కుడుబిళ్ళ ఆట కూడా కనిపెట్టారు.

"సగం లోకం ఆ తప్పు రాస్తుంది సార్. కిందటి నెల మీ సర్క్యులర్లోనూ ఉంది. నేనే కొట్టేశాను."

డైరెక్టరు మొహం ఎర్రబడింది. అది వేరు, ఇది వేరు అన్నాడు. పన్నెండేళ్ళు పోషిస్తే తిన్నింటి వాసాలు లెక్కపెట్టాడన్నాడు. ఉద్యోగం పీకడం ఒక్కటే కాదు, ఈ ఊళ్ళో ఇంకో కంపెనీ గడప తొక్కనివ్వనన్నాడు.

తలుపు అవతల చిన్న దగ్గు వినిపించింది. వాడు అంతా వింటున్నాడు.

ఆవిడకి ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైర్మెంటు. ఇంట్లో పక్షవాతంతో మంచం పట్టిన మొగుడు. ఎవరి జోలికీ పోకుండా నోరు మూసుకుని ఆ కాస్తా గడిపెయ్యమని ఆయన రోజూ పోరుతూనే ఉన్నాడు.

"ఇంకెవరైనా రాసి ఉండొచ్చుగా సార్?"

"ఎవరు? పేరు చెప్పండి, వీణ్ణి ఇప్పుడే వదిలేస్తాను."

ఆవిడ తలుపు వైపు చూసింది.

డైరెక్టరు సొరుగు లాగి ఇంకో కాగితం తీశాడు. టైపిస్టుని ఉద్యోగంలోంచి తీసేస్తున్నట్టు ఉత్తరం. పాపం, తనే కూర్చుని టైపు చేసుకున్నాడు. చెయ్యాల్సినవాడికి ఇవ్వలేడు కదా!

"రూలు రూలే. మీరు చూడందే ఇంగ్లీషు కాగితం ఏదీ బయటికి పోదు. తప్పులుంటే దిద్దండి, సంతకం పెట్టేస్తాను."

ఆవిడ ఎర్రపెన్ను మూత తీసింది. డైరెక్టరు ఇచ్చిన కాగితాన్ని పక్కకి జరిపింది. ముడతల కాగితాన్ని దగ్గరికి లాక్కుంది. వెతుక్కోకుండా మూడో పేరా మీదికి పోయి, 'రివర్ట్ బ్యాక్'ని అడ్డంగా కొట్టేసి, పైన పొందిగ్గా 'రిప్లై' అని రాసింది.

"అది కాదు మేడమ్, ఇది," అన్నాడు డైరెక్టరు విసుగ్గా.

"ఈ ఉత్తరం రాసేటప్పుడే ఆ మాట కొట్టెయ్యమని చెయ్యి ఒకటే లాగింది సార్," అంది ఆవిడ పెన్ను మూత పెట్టేస్తూ, "దొరికిపోతానని బలవంతాన ఆపుకున్నాను."